ఏదెనుకు తూర్పున, బ్రూక్లిన్‌లో: కా ఆల్బమ్ ‘డిసెండెంట్స్ ఆఫ్ కెయిన్’

నమస్కారం. దక్కవలసినంత ఆదరణ దక్కని హిప్ హాప్ ఆల్బమ్‌ల ప్రస్తావన వచ్చినప్పుడు నేను మొట్టమొదట చెప్పే పేరు ‘డిసెండెంట్స్ ఆఫ్ కెయిన్’. తెలుగు బైబిలు భాషలో చెప్పాలంటే కయీను సంతతి. కరోనా కారణంగా న్యూయార్క్ నగరం తలుపులు మూసుకుని కూర్చున్న రోజుల్లో, 2020 మే 1న, ఈ ఆల్బమ్ వెలువడింది. ఇందులో ఉన్నవి 11 పాటలు. మొత్తం వినడానికి పట్టే సమయం దాదాపు 33 నిమిషాలు. పాటలన్నీ రాసి, సంగీతంలో ఎక్కువ భాగాన్ని స్వయంగా సమకూర్చి, పెద్ద కంపెనీల అండ ఏదీ లేకుండా తానే విడుదల చేసిన ఆ కళాకారుని అసలు పేరు కసీమ్ రయన్. శ్రోతలకు ఆయన కా.

ఆయన 1972లో పుట్టారు. పెరిగింది న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ తూర్పు భాగంలోని బ్రౌన్స్‌విల్‌లో. ప్రభుత్వ గృహ సముదాయాలు కిక్కిరిసిన ఆ పేటను 1980లలో క్రాక్ కొకెయిన్ అనే చవక మత్తుమందు ఏ స్థితికి తెచ్చిందో ఆయన పాటలన్నిటిలోనూ కనిపిస్తుంది. 1990లలో నేచురల్ ఎలిమెంట్స్ అనే బృందంలో కొంతకాలం, తరువాత తన మిత్రుడు కెవ్‌తో కలిసి నైట్‌బ్రీడ్ అనే జంటగా కొంతకాలం ప్రయత్నించి, ఫలితం లేక ఆ రంగానికి దూరమయ్యారు. అటు తరువాత న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో చేరారు. 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ వద్దకు వెళ్లిన సహాయక సిబ్బందిలో ఆయన కూడా ఒకరు. కాలక్రమంలో కెప్టెన్ అయ్యారు. మొదటి సోలో ఆల్బమ్ ‘ఐరన్ వర్క్స్’ 2008లో వచ్చేనాటికి ఆయన వయస్సు ముప్పై దాటి చాలా కాలమైంది. ఇరవై ఏళ్లకే పేరు రాకపోతే ఇక రాదని అందరూ నమ్మే రంగంలో, చాలామంది మానుకునే వయస్సులో ఆయన అసలు పని మొదలైంది.

ఇక సంగీతం విషయానికి వస్తే, హిప్ హాప్ అనగానే మనకు ముందుగా తట్టేది డ్రమ్ము దెబ్బ. ఆ కళ పుట్టుకే పాత రికార్డులలోని డ్రమ్ భాగాలను పదే పదే తిప్పి వినిపించడంతో ముడిపడి ఉంది. ఈ ఆల్బమ్‌లో అదే దాదాపుగా లేదు. ఎక్కడో దొరికిన పాత రికార్డులోని గిటార్ తీగ, తీగవాద్యాల బరువైన నిట్టూర్పు, మసకగా మోగే పియానో ముక్క ఒక లూప్‌గా, అంటే మళ్లీ మళ్లీ, తిరుగుతూ ఉంటే, డ్రమ్ము ఉన్నచోట కూడా పక్క గదిలో వినబడుతున్నట్టే ఉంటుంది. 2010లో రాక్ మార్సియానో అనే ర్యాపర్ ‘మార్క్‌బర్గ్’ ఆల్బమ్‌తో ఈ ధోరణికి దారి వేశారని విమర్శకులు చెబుతారు; ఆ ఆల్బమ్‌లో కా ఒక పాటలో పాల్గొన్నారు. కానీ మార్సియానో గొంతులో ఉండే దర్పం, వేళాకోళం కా గొంతులో లేవు. గొంతు పెంచకుండా, పదాన్ని నొక్కకుండా, పక్కన కూర్చున్నవానికి మాత్రమే వినబడాలన్నట్టుగా ఆయన మాట్లాడతారు. డ్రమ్ము తప్పుకోవడం వల్ల కలిగిన ప్రయోజనం ఏమిటంటే, లయ బాధ్యత మొత్తం మాటల మీద పడింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ రెండు పాదాలను కలిపి ఒకే ఊపిరిలో చెప్పాలో ఆయన గొంతే నిర్ణయిస్తుంది.

బైబిలు కథ ఈ ఆల్బమ్‌కు తగిలించిన అలంకారం కాదు, దీని నిర్మాణమే అది. అందుకని ఇక్కడ కొంత ఆగి చెప్పాలి. ఆదికాండము నాలుగవ అధ్యాయంలో కయీను తన తమ్ముడు హేబెలును పొలంలో చంపుతాడు. నీ తమ్ముడు ఎక్కడ అని దేవుడు అడిగితే, నా తమ్మునికి నేను కావలివాడనా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. తరువాత ఏదెనుకు తూర్పు దిక్కున ఉన్న నోదు దేశానికి వెళ్లి కాపురం ఉంటాడు. ఆదివారపు బడిలో ఈ కథను మనం ఇంతవరకే విని ఊరుకుంటాము. ఆ అధ్యాయం మాత్రం అక్కడ ఆగదు. కయీను ఒక ఊరు కడతాడు; దానికి తన కొడుకు హనోకు పేరు పెడతాడు. అతని సంతతిలో పుట్టిన యూబాలు వాద్యకారులందరికీ మూలపురుషుడు అవుతాడు. తూబల్కయీను ఇనుముతో, ఇత్తడితో పనిముట్లు చేస్తాడు. వారి తండ్రి లెమెకు తన భార్యలను పిలిచి, తనను గాయపరచినవానిని చంపానని, కయీను కోసం ఏడంతలు ప్రతీకారం ఉంటే తన కోసం డెబ్బై ఏడంతలు ఉంటుందని పద్యరూపంలో గొప్పలు చెప్పుకుంటాడు. ఊరు, సంగీతం, ఆయుధానికి పనికివచ్చే ఇనుము, పగను గురించిన ప్రగల్భం, ఇవన్నీ ఒకే ఇంటి నుంచి వచ్చాయి. కా ఈ వంశవృక్షం మొత్తాన్ని మనసులో పెట్టుకుని ఆల్బమ్‌కు పేరు పెట్టారో లేదో గాని, ఆ అధ్యాయాన్ని చివరి దాకా చదివి వింటే బ్రౌన్స్‌విల్ కథకు, ర్యాప్ కథకు ఇంతకన్నా తగిన పేరు మరొకటి ఉండదని నా అభిప్రాయం.

పాటల పేర్లు చూసినా ఇది అర్థమవుతుంది. ‘మై బ్రదర్స్ కీపర్’ కయీను వేసిన ఎదురు ప్రశ్న నుంచి వచ్చింది. ‘సాలిట్యూడ్ ఆఫ్ ఈనాక్’లో ఉన్నది హనోకు పేరు. ‘ద ఐ ఆఫ్ ఎ నీడిల్’ ధనవంతుని గురించి యేసు చెప్పిన సూదిబెజ్జం మాట. ‘ల్యాండ్ ఆఫ్ నోడ్’ సరేసరి. మధ్య మధ్య కయీను, హేబెలుల కథను చెప్పే సంభాషణల శాంపిళ్లు, అంటే వేరే చోట నుంచి కత్తిరించి తెచ్చిన ముక్కలు, వినిపిస్తాయి. అయితే మనం ప్రసంగం వింటున్నామన్న భావన ఎక్కడా కలగదు, ఎందుకంటే ఆయన లేఖనాన్ని ఎత్తుకుని వీధి మీద తీర్పు చెప్పరు. వీధిలో జరిగినది చెబుతూ పోతారు, లేఖనం దానంతట అది వెనక నుంచి కనబడుతుంది.

దీనికి మంచి ఉదాహరణ మూడవ పాట ‘ప్యాట్రన్ సెయింట్స్’. ప్రార్థనలో తలుచుకునే రక్షక పరిశుద్ధుల జాబితా ఇది. ఆ పేటలో పెరిగే కుర్రవాళ్లకు గురువులైనవారు పగలంతా సరుకు అమ్మేవారు. వీరులైనవారు హెరాయిన్ అమ్మేవారు. పాట పొడుగునా ఈ పద్ధతే సాగుతుంది: పిల్లవానికి లోకం చూపించవలసిన మనుషులు ఒక్కొక్కరూ వస్తారు, వారి చేతిలో ఉన్నదేమిటో ఒక్క మాటలో తెలుస్తుంది. ఇందులో నిందాస్తుతి ఉందని కొందరు అంటారు. నాకు అలా వినబడదు. ఆయన వారిని పరిహసించడం లేదు. వారు నిజంగానే తమకు అన్నం పెట్టారు, ధైర్యం నేర్పారు, కొందరిని చంపారు కూడా. మూడు మాటలనూ ఒకే స్వరంతో చెప్పడంలోనే ఆ పాట బలమంతా ఉంది. గొంతు ఏ మాట దగ్గర కూడా వణకదు.

రచనాశిల్పం గురించి ఒక మాట. కా పాదాలలో అంత్యప్రాస కేవలం చివరి అక్షరంతో ఆగదు. మూడు నాలుగు అక్షరాల పొడవున, కొన్నిచోట్ల పాదమంతా ప్రాసతో నిండి ఉంటుంది. దానిపైన శ్లేష. ఒకే వాక్యం బైబిలు కథగానూ పేట కథగానూ చెల్లుతుంది. ద్వ్యర్థి కావ్యాల గురించి విన్న తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్త కాదు. తేడా ఏమిటంటే మన ద్వ్యర్థి కవి తన పాండిత్యం సభకు తెలియాలని రాస్తాడు, కా మాత్రం రెండవ అర్థాన్ని ఎవరూ గమనించకపోయినా పట్టించుకోనట్టుగా దాటిపోతారు. అందుచేత మొదటిసారి ఇంగ్లీషులో వినే మనలాంటివారికి సగానికి సగం జారిపోతుంది. సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకుని వినడంలో నామోషీ ఏమీ లేదు. ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవారు కూడా ఈ ఆల్బమ్‌ను అలాగే వింటారు.

‘సిన్స్ ఆఫ్ ద ఫాదర్’లో రాక్ మార్సియానో అతిథిగా వస్తారు. ఆల్బమ్ మొత్తంలో వినిపించే మరో ర్యాపర్ గొంతు అదే. తండ్రుల దోషం కుమారుల మీదికి వస్తుందన్న నిర్గమకాండపు మాట ఈ పాటకు నీడ. మిగిలిన పాటల్లో కా ఒంటరిగానే ఉంటారు. ఇక్కడ ఒక లోపం కూడా చెప్పాలి. పాటల నడక దాదాపు ఒకే వేగంలో ఉంటుంది, మధ్యభాగంలో రెండు మూడు పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు అనిపిస్తాయి, పట్టుకుని పాడుకోదగిన పల్లవి అరుదు. వాహనం నడుపుతూ వినడానికి, వ్యాయామం చేస్తూ వినడానికి ఇది ఏమాత్రం పనికిరాదు. ఈ ఆల్బమ్‌ను విసుగ్గా ఉందని పక్కన పెట్టినవారిని నేను తప్పుపట్టను. అయితే ఆ ఒకే వేగం బద్ధకం వల్ల వచ్చింది కాదు. ఒక మనిషి ఒకే రాత్రి కూర్చుని తన వాళ్లందరి గురించి సాక్ష్యం చెబుతున్నప్పుడు నడక మారితే ఆ సాక్ష్యం చెడుతుంది.

మరి ఇంతటి రచనకు శ్రోతలు ఎందుకు తక్కువ? విమర్శకులు ఆయనను పట్టించుకోలేదనడం అబద్ధం. 2012 నాటి ‘గ్రీఫ్ పెడిగ్రీ’ నుంచీ వారు మెచ్చుకుంటూనే ఉన్నారు. ఆదరణ అక్కడితో ఆగిపోయింది. ఆయన ఊరూరా కచేరీలు తిరగలేదు, రేడియో కోసం పాట చేయలేదు, కంపెనీల వెంట పడలేదు. మన్‌హాటన్‌లో ఫ్యాట్ బీట్స్ అనే పేరున్న రికార్డుల దుకాణం 2010లో మూతపడితే, అది ఒకప్పుడు ఉన్న చోట కాలిబాట మీద నిలబడి తన రికార్డులను తానే చేత్తో అమ్మేవారు. ఉద్యోగాన్ని, పాటను విడివిడిగా ఉంచాలని ఆయన ఎంత చూసినా, 2016లో ‘ఆనర్ కిల్డ్ ద సమురాయ్’ వచ్చిన నెలలోనే న్యూయార్క్ పోస్ట్ పత్రిక ఆయనను పోలీసు వ్యతిరేక పాటలు పాడే అగ్నిమాపక కెప్టెన్‌గా చిత్రిస్తూ మొదటి పేజీకి ఎక్కించింది. పాటలలోని పాత్రల మాటలను ఏరి, వాటిని ఆ ఉద్యోగి అభిప్రాయాలుగా చూపించడం ఎంత అన్యాయమో సాహిత్యం చదివే ఎవరికైనా తెలుస్తుంది. తోటి కళాకారులు, శ్రోతలు ఆయన పక్షాన నిలిచారు. లక్షలమంది చేతుల్లోకి ఆయన పేరు మొదటిసారి వెళ్లింది ఇటువంటి కథనం ద్వారా కావడం మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఆల్బమ్ చివరి పాట ‘ఐ లవ్’. ముగ్గురి పేర్లు దాని పేరులోనే ఉన్నాయి: మిమీ, మామ్స్, కెవ్. అంటే భార్య, తల్లి, చనిపోయిన స్నేహితుడు. భార్య మిమీ వాల్డెస్ ‘వైబ్’ పత్రికకు ప్రధాన సంపాదకురాలిగా పనిచేసినవారు, సినిమా నిర్మాత కూడా. ఒక్కొక్కరికి ఒక్కొక్క చరణం, ఎదుట నిలబడి చెబుతున్నట్టుగా ఉంటుంది. అంతవరకు 10 పాటల్లో పగలు, ద్రోహాలు, తీరని లెక్కలు చెప్పిన గొంతు, స్థాయి కొంచెం కూడా మార్చకుండా, తాను బతికి బయటపడింది ఎవరి వల్లనో చెబుతుంది. కయీను వేసిన ప్రశ్నకు ఆల్బమ్‌లో సమాధానం దొరికేది ఇక్కడే. కావలి ఎవరు కాశారన్నది చెప్పడానికి ఆయన బోధ చేయలేదు, పేర్లు చెప్పారు. కెవ్ చరణానికి వచ్చేసరికి, నైట్‌బ్రీడ్‌గా ఇద్దరూ కలిసి విఫలమైన ఆ పాత రోజులు తెలిసినవారికి, ఈ పాట ఆల్బమ్‌కు చివర ఎందుకు ఉందో వేరే చెప్పనక్కరలేదు.

కా 2024 అక్టోబర్ 12న, 52 ఏళ్ల వయస్సులో, హఠాత్తుగా మరణించారు. అంతకు రెండు నెలల లోపే, ఆగస్టులో, ఆయన చివరి ఆల్బమ్ ‘ద థీఫ్ నెక్స్ట్ టు జీసస్’ వచ్చింది. గాస్పెల్ అనే నల్లజాతి చర్చి సంగీతపు శాంపిళ్ల మీద కట్టిన ఆ ఆల్బమ్‌లో ఆయన నల్లజాతీయులకు క్రైస్తవం ఏమి ఇచ్చింది, ఏమి తీసుకుంది అని నిలదీస్తారు. 2020లో లేఖనాన్ని కథగా తీసుకున్న మనిషే అక్కడ దానితో వాదానికి దిగుతారు, కాబట్టి రెండింటినీ వరుసగా వినాలి. ముందు ‘డిసెండెంట్స్ ఆఫ్ కెయిన్’. షఫుల్ ఆపేసి, మొదటి పాట ‘ఎవ్రీ నౌ అండ్ దెన్’ నుంచి చివరి వరకు, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని. బైబిలు పరిచయం లేనివారు ఆదికాండము నాలుగవ అధ్యాయం ముందుగా చదువుకుంటే చాలు. అది 26 వచనాలే.