తగిలితే పడిపోయే అడ్డు

శ్రోతలందరికీ నమస్కారం.

నేను చాలా ఏళ్లు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా మైదానానికి అసలైన హర్డిల్స్, అంటే పరుగులో దూకి దాటే అడ్డులు, ఎన్నడూ రాలేదు. అటూ ఇటూ ఇటుకలు పేర్చి, వాటి మీద వెదురు కర్ర పెట్టుకునేవాళ్లం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి రోజూ ఆ కర్ర దాకా వచ్చి ఆగిపోయేది. పరుగులో బడి మొత్తం మీద ఆమెను అందుకునేవాళ్లు లేరు. అలాంటిది కర్ర కనపడగానే కాళ్లు కట్టేసినట్టు నిలబడేది. కర్ర చూస్తే మోకాలెత్తు కూడా లేదు.

"నావల్ల కాదు సార్. తగిలితే అందరూ నవ్వుతారు."

దెబ్బ తగులుతుందని కాదు, నవ్వుతారని! "నలుగురూ ఏమనుకుంటారో" అన్న మాట మనం పిల్లలకు ఉగ్గుపాలతోనే పోస్తాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత కూడా జత చేస్తాం. చెడ్డపనికి దూరంగా ఉండమని పెద్దలు చెప్పిన మాట అది. కొత్త పనికి దూరంగా ఉండటానికి దాన్ని వాడుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఆట నియమమే. హర్డిల్‌కు కాలు తగిలి అది పడిపోయినా పందెంలోంచి తీసెయ్యరు. కావాలని తోసినా, పక్క వరుసలో వాళ్లకు అడ్డం వచ్చినా తప్పుగానీ, పరుగులో తగిలితే తప్పు కాదు. అసలు దాన్ని తయారు చేయడమే తగిలితే ముందుకు ఒరిగిపోయేలా చేస్తారు. మహిళల 100 మీటర్ల పందెంలో ఇవి 10 ఉంటాయి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. ఒకదానికీ మరొకదానికీ మధ్య 8.5 మీటర్లు. ఆ దూరాన్ని మూడే అడుగుల్లో దాటాలి. ఇక్కడే ఉంది అసలు సంగతి. తగులుతుందేమోనని భయపడి వేగం తగ్గిస్తే అడుగు పొట్టిదవుతుంది. మరీ దూరం నుంచి ఎగరాల్సి వస్తుంది, కాలు సరిగ్గా హర్డిల్ మీదికే దిగుతుంది. దేనికి జంకామో అదే జరుగుతుంది.

మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి ఈ పందెమే పరిగెత్తుతుంది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసి, ఆసుపత్రిలో శుభ్రం చేసి పిల్లల్ని పెంచారు. 2002లో అనురాధా బిశ్వాల్ పెట్టిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు 20 ఏళ్లు అలాగే ఉండిపోయింది. 2020లో కర్ణాటకలోని మూడబిదిరెలో జ్యోతి 13.03 సెకన్లలో పరిగెత్తింది. నిషేధించిన మందులేవీ వాడలేదని తేల్చే డోప్ పరీక్ష జరగలేదని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. ఈసారి వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు. రికార్డుకు 2 మీటర్లు దాటకూడదు. ఆ 0.1 తేడాతో అదీ పోయింది.

ఇలా రెండుసార్లు నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోతే మనలో ఎంతమంది "మన రాత ఇంతే" అనుకోకుండా ఉంటారు? ఆ ఏడాది మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో జ్యోతి 13.23లో ముగించింది. అది వెనకటి రెండు పరుగుల కంటే నెమ్మది! కానీ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది మాత్రం అదే. అక్టోబరులో బెంగళూరులో 12.82. రికార్డుకు లెక్కలోకి వచ్చేలా మన దేశపు మహిళ ఎవరూ అంతకుముందు 13 సెకన్ల లోపు చేరలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లలేకపోయింది. మరుసటి ఏడాది దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్స్ బంగారు పతకం మళ్లీ తనదే.

మా బడి అమ్మాయి సంగతి సగంలో ఆపాను కదూ. నియమం విన్నాక కాసేపు కర్రవైపే చూస్తూ నిలబడింది. "పడినా పరవాలేదా సార్?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత వెనక్కి వెళ్లి, పరుగెత్తుకుంటూ వచ్చింది. కాలు తగిలి కర్ర ఎగిరిపడింది. ఎవరో నవ్వారు కూడా. ఆమె వెనక్కి తిరగబోతుంటే, "ముందు ఇంకోటుంది, పద!" అని అరిచాను. రెండోది దాటింది. మూడోది మళ్లీ పడింది.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా నేను కర్రలు ఎత్తి పెడుతూనే ఉన్నాను.