చూడ్డానికి ఒకటే, జబ్బులు మాత్రం మూడు

[తెరపై: మెట్లు దిగుతున్న పెద్దాయన. చేయి రెయిలింగ్ మీద.]

ఒళ్లు బిగుసుకుపోయింది, అడుగులు చిన్నవయ్యాయి. ఎవరు చూసినా పార్కిన్సన్స్ అనేస్తారు. కానీ ఆయన కళ్లు గమనించండి. మెట్టు చూద్దామంటే కిందికి దిగడం లేదు. ఏడాదిగా ఊరికే వెనక్కి పడిపోతున్నారు కూడా. ఇది పీఎస్పీ (ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ) అనే వేరే మెదడు జబ్బు కావచ్చు. ఇంకొకటి ఎంఎస్ఏ (మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ): అందులో లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది, మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది.

మొదట్లో ఈ మూడింటినీ విడదీయడం నరాల డాక్టర్లకే కష్టం. పార్కిన్సన్స్‌కు లెవోడోపా మాత్ర బాగా పనిచేస్తుంది, మిగతా రెండింటికీ అంతంత మాత్రమే. "మందు పడటం లేదేంటి" అని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతుంటే, పడిపోకుండా, మింగేటప్పుడు పొలమారకుండా జాగ్రత్తపడాల్సిన కాలం కరిగిపోతుంది. నాకు బాధగా ఉండేది ఇదే.

[తెరపై: వరిమడి. గట్టు తెగి నీళ్లు పారుతుంటాయి.]

మెదడులోని నీరు మడిలో నీళ్లలాంటిది. గట్లు ఉన్నంతకాలం వాటి మధ్యే కదులుతుంది. నాడీకణాలు దెబ్బతింటే గట్టు తెగినట్టే, నీటికి అడ్డు ఉండదు. డిఫ్యూజన్ ఎంఆర్ఐ అనే స్కాన్ కొలిచేది ఆ కదలికనే. పార్కిన్సన్స్‌లో గట్టు ముఖ్యంగా కదలికలను నడిపించే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే మెదడు భాగం దగ్గర తెగుతుంది. మిగతా రెండింటిలో ఇంకా చాలా చోట్ల. ఎక్కడెక్కడ ఎంత తెగిందో ఆ అంకెలన్నీ మెషీన్ లెర్నింగ్ ప్రోగ్రామ్‌కు ఇస్తే, వాటి పోలికను బట్టి అది జబ్బు పేరు చెబుతుంది.

ఫ్లోరిడా యూనివర్సిటీలో డేవిడ్ వేలన్‌కోర్ట్ బృందం చేసిన పని ఇది. 21 కేంద్రాల్లో 249 మంది మీద పరీక్షించి, 2025లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. పార్కిన్సన్స్‌ను మిగతా రెండింటి నుంచి విడదీయడంలో స్కోరు 0.96. ఈ కొలతలో 1 అంటే తప్పే లేదని, 0.5 అంటే నాణెం ఎగరేసినట్టని.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. ప్రోగ్రామ్‌కు నేర్పింది డాక్టర్లు చెప్పిన పేర్లే కదా, వాళ్లే పొరబడితే? దీనికి జవాబు చనిపోయాకే దొరుకుతుంది. మెదడును పరీక్షించగలిగిన 49 మందిలో 46 మందికి ప్రోగ్రామ్ చెప్పిన జబ్బే తేలింది. అందుకు ఒప్పుకున్న కుటుంబాలకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఈ ప్రోగ్రామ్‌కు తెలిసినవి ఈ మూడు జబ్బులే. కొన్ని మానసిక మందుల వల్ల కూడా ఒళ్లు ఇలాగే బిగుసుకుంటుంది, కాబట్టి డాక్టర్ చేయిపట్టి చూసే పరీక్ష తప్పదు.

[తెరపై: గోడ క్యాలెండర్. తేదీల మీద పెన్సిల్ గుర్తులు.]

మీ ఇంట్లో ఎవరికైనా మాత్ర పనిచేయకపోతే, ఏ రోజు పడ్డారో, ముందుకా వెనక్కా, ఇలా గుర్తుపెట్టుకోండి. ఈసారి డాక్టర్ దగ్గరికి ఆ క్యాలెండర్ కూడా తీసుకెళ్లండి.