రూల్ బుక్ లేని కారు: ఎవరి కోసం? (చర్చా కార్యక్రమం పూర్తి పాఠం)

యాంకర్: నమస్కారం. కార్ల ప్రియులందరి నోటా ఇప్పుడు ఒకటే మాట. ఓ పెద్ద కంపెనీ ఒకే ఒక్క కస్టమర్ కోసం ట్రాక్ కారు తయారు చేస్తోందట, దానికి ఏ రేసింగ్ నిబంధనా వర్తించదట. కంపెనీ ఔననలేదు, కాదనలేదు. మనతో ముగ్గురున్నారు: ఒక రేస్ కార్ల ఇంజనీర్, ఒక మోటార్‌స్పోర్ట్ జర్నలిస్ట్, ఒక మాజీ రేస్ డ్రైవర్. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం. సూటిగా అడుగుతాను. ఈ కారు రోడ్డెక్కదు, రేసులో దిగదు. మరెందుకు? ఒక్కరి సరదా కోసమేనా?

జర్నలిస్ట్: ముందు పుకారు సంగతి చూద్దాం. నమ్మదగ్గదే. 2019లో ఫెరారీ పీ80/సీ వచ్చింది. 488 జీటీ3 రేస్ కారు ఛాసిస్ మీద ఒకే కస్టమర్ కోసం కట్టారు. 2023లో ఫెరారీదే కేసీ23, అదీ ఒక్కటే. కాబట్టి ఇంకోటి వస్తే ఆశ్చర్యం లేదు. నా అభ్యంతరం ఏమిటంటే...

ఇంజనీర్: అభ్యంతరం తర్వాత చెబుదురు గానీ, అసలు జీటీ3 రేసింగ్‌లో, అంటే రోడ్డు కార్ల నుంచి మలిచిన రేస్ కార్ల పోటీలో, ఏం జరుగుతుందో చెప్పనివ్వండి. బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అని ఒకటుంది. మీ కారు వేగంగా ఉంటే బరువు కలపమంటారు, ఇంజన్‌లోకి వెళ్ళే గాలి తగ్గించమంటారు. పరుగు పందెంలో ముందున్నవాడి కాళ్ళకు ఇసుక సంచులు కట్టినట్టు! ఏళ్ళ తరబడి చేసిన పని అక్కడే ఆగిపోతుంది.

జర్నలిస్ట్: అలా కట్టబట్టే పది కంపెనీలు ఒకే రేసులో...

ఇంజనీర్: ఒక్క నిమిషం. 2018లో పోర్షే 919 ఈవో తెచ్చింది. 24 గంటల లె మాన్స్ రేసు గెలిచిన అదే హైబ్రిడ్ కారు. అదే 2 లీటర్ల వి4 ఇంజన్, లోపల భాగాలేవీ మార్చలేదు. ఇంధన ప్రవాహం మీద ఉన్న పరిమితి తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చారు, అంతే. 500 హార్స్‌పవర్ ఇంజన్ 720 ఇచ్చింది! ఎలక్ట్రిక్ మోటార్‌తో కలిపి 1,160. ఆ 220 ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి నుంచీ లోపలే ఉంది, రూల్ బుక్ బయటికి రానివ్వలేదు.

యాంకర్: బాగుంది. కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. ఇంత ప్రతిభ ఒక్కరి గరాజ్‌లోకి వెళ్ళిపోవడం న్యాయమా?

డ్రైవర్: నేను నడిపేవాడి వైపు నుంచి ఒక మాట చెబుతాను. ఆ ఈవోలో డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారును నేలకు అదిమే బలం, 53 శాతం పెరిగింది. ఆ భారమంతా సస్పెన్షన్ మీద, టైరు మీద పడుతుంది. అందుకే వాళ్ళు చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్ విష్‌బోన్లు గట్టిపరిచారు, టైర్లు ప్రత్యేకంగా చేయించారు. నడిపింది ఎవరు? పోర్షే రేస్ డ్రైవర్లు నీల్ జానీ, టిమో బెర్న్‌హార్డ్. డబ్బు పెట్టి కొన్న కస్టమర్ అదే మలుపులో అదే వేగంతో...

ఇంజనీర్: వాళ్ళ పేర్లు ఎత్తారు కాబట్టి చెబుతున్నా. బెల్జియంలోని స్పా ట్రాక్‌ను జానీ ఒక చుట్టు తిరిగింది 1:41.770లో. అంతకుముందు ఏడాది హామిల్టన్ ఫార్ములా వన్ క్వాలిఫయింగ్‌లో చేసింది 1:42.553. జర్మనీలోని నార్డ్‌ష్లైఫ్ ట్రాక్‌లో బెర్న్‌హార్డ్ 5:19.546. అక్కడ 1983 నుంచి స్టెఫాన్ బెల్లోఫ్ పేరిట ఉన్న 6:11.13 రికార్డు ఒక్క దెబ్బకు పోయింది. 35 ఏళ్ళు ఎవరూ ముట్టుకోలేనిది!

డ్రైవర్: టైర్ సంగతి పూర్తి కాలేదండీ...

జర్నలిస్ట్: సార్, మీరే నా వాదన బలపరుస్తున్నారు. ఈవోకి గడియారం ఉంది. ఎంత వేగమో అందరూ చూశారు. ఈ ఒక్కటే తయారయ్యే కార్లకు ల్యాప్ టైమ్ ఎవరు ప్రకటించారు? గొప్పదని కంపెనీ అంటే మనం నమ్మాలి. ఎవరితోనూ పోటీ పడని కారు గొప్పదని ఎలా తేలుతుంది?

యాంకర్: అంటే మళ్ళీ అదే కదా, చూసేది ఒక్కరే, అనుభవించేది ఒక్కరే.

ఇంజనీర్: లేదు మేడమ్! ఫెరారీ 2005లో ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ అనే ట్రాక్ కారు తెచ్చినప్పుడు కస్టమర్లే టెస్ట్ డ్రైవర్లు. వాళ్ళు ట్రాక్‌లో తిరిగినప్పుడు వచ్చిన డేటా కంపెనీకి వెళ్ళేది. రేపటి రోడ్డు కార్లకు పనికొచ్చే పాఠం అది.

జర్నలిస్ట్: ఆ పాఠం ఏ కారులో ఎంత వాడారో బయటివాళ్ళు సరిచూసే దారుందా?

ఇంజనీర్: సరే, మీకు గడియారమే కావాలంటే ఫ్యాన్ కార్ల దగ్గరికి రండి. 1970లో చాపరల్ 2జె అనే రేస్ కారు. వెనక రెండు ఫ్యాన్లు పెట్టి కారు కింది గాలిని లాగేశారు, దాంతో కారు నేలకు అతుక్కునేది. స్నోమొబైల్ ఇంజన్‌తో తిప్పారు! నిషేధించారు. 1978లో ఫార్ములా వన్ ఫ్యాన్ కారు బ్రాభమ్ బీటీ46బీ. స్వీడన్ రేసులో నికీ లౌడా గెలిచాడు. ఆ ఒక్క రేసుతోనే పక్కన పెట్టేశారు. ఆలోచన చెడ్డదా? కాదు. 2022లో మెక్‌మర్ట్రీ స్పీర్లింగ్ అనే కారు అదే ఆలోచనతో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ కొండ దారిని 39.08 సెకన్లలో ఎక్కింది. కారు కదలకుండా నిలబడి ఉన్నా రెండు టన్నుల డౌన్‌ఫోర్స్ ఇస్తుంది. రూల్ బుక్ చంపిన ఆలోచనకు రూల్ బుక్ బయటే ప్రాణం వచ్చింది.

యాంకర్: చాలా ఆసక్తికరం. అసలు ఆ ఫ్యాన్ ఎలా... సరే, విషయానికొద్దాం.

జర్నలిస్ట్: చరిత్రంటే పూర్తిగా చెప్పాలి. ఉత్తర అమెరికాలో జరిగిన కెన్-యామ్ రేసుల సిరీస్‌లో దాదాపు ఆంక్షలే లేవు. 1973లో మార్క్ డొనహ్యూ 1,100కు పైగా హార్స్‌పవర్ ఉన్న పోర్షే 917/30తో టైటిల్ కొట్టేశాడు. మిగతావాళ్ళు దరిదాపుల్లో లేరు. ఇంధన సంక్షోభం కూడా తోడైంది. 1974తో ఆ సిరీస్ ముగిసిపోయింది. హద్దు లేకపోతే పోటీయే మిగలదు.

ఇంజనీర్: అదే కదా నేననేది! పోటీకి హద్దు పెట్టండి, ఊహకు పెట్టకండి. లె మాన్స్‌లో పరిగెత్తే 499పీ ఫెరారీలో ముందు చక్రాల మోటార్ గంటకు 190 కిలోమీటర్లు దాటాకే పనిచేయాలి. అదే కారు 499పీ మోడిఫికాటాగా కస్టమర్ చేతికొస్తే ఆ మోటార్ ఎప్పుడూ పనిచేస్తుంది. ఇంజనీర్ మొదట అనుకున్న కారు ఏది? రెండోది!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు, మాటలు స్పష్టంగా లేవు)

డ్రైవర్: ...భద్రత ఎవరు చూస్తారని అడుగుతున్నా. రేసుకు వచ్చే కారును ప్రపంచ మోటార్‌స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ ప్రమాణాలతో క్రాష్ టెస్ట్ చేస్తారు. మరి ఇక్కడ ఏది చేయాలో, ఏది అక్కర్లేదో ఎవరు తేలుస్తారు? కంపెనీయేగా?

ఇంజనీర్: లంబోర్గినీ ఎసెంజా ఎస్‌సీవీ12 చూడండి. 40 కార్లే చేశారు. ఏ రేసులోనూ దిగదు. అయినా రేసు కోసమే కట్టే ప్రోటోటైప్ కార్లకు ఎఫ్‌ఐఏ పెట్టిన భద్రతా ప్రమాణాలతోనే కట్టారు.

డ్రైవర్: అది వాళ్ళ ఇష్టం మీద చేశారు సార్. చేసి తీరాలని ఎవరూ అనలేదు. నా బాధ అదే...

యాంకర్: సమయం తక్కువగా ఉంది. జర్నలిస్ట్ గారూ, పది సెకన్లలో చెప్పండి. ఒక్కరి కోసం ఇంత అవసరమా?

జర్నలిస్ట్: కట్టుకోనివ్వండి, కాదనను. కానీ ట్రాక్ మీదికి తెచ్చి గడియారం పెట్టండి. అప్పుడు...

ఇంజనీర్: గడియారం కూడా ఒక రూలే కదండీ! కేసీ23లో ఇంజన్ స్టార్ట్ చేయగానే పక్కన గాలి ద్వారాలు వాటంతటవే తెరుచుకుంటాయి. దాన్ని ఏ గడియారంతో కొలుస్తారు? దగ్గర నిలబడి చూస్తే...

యాంకర్: ఇంజనీర్ గారి మాటలో బలముంది, ఒప్పుకోవాలి. డ్రైవర్ గారూ, మీ టైర్ల సంగతి ఇంకోసారి తప్పకుండా...

డ్రైవర్: ఒక్క వాక్యం చెప్పనివ్వండి...

ఇంజనీర్: టైర్ల గురించి నేను చెబుతాను. 919 ఈవోకి మిషెలిన్ ఏం చేసిందంటే, సైజు మార్చకుండానే...

(ప్రసారం ఇక్కడ ఆగింది)