గంటం, తాటాకు, సీసపు నాణెం

శ్రోతలకు నమస్కారం. విజయవాడ బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మ్యూజియానికి 1887లో పునాదిరాయి వేశారు. ఇప్పుడది బాపు మ్యూజియం. ఇలాంటి చోట్ల జనం శిల్పాల ముందు ఆగుతారు. గాజు బీరువాల్లోని చిన్న వస్తువుల దగ్గర మాత్రం ‘ఇదేంటో’ అనుకుని కదిలిపోతారు. అసలు వింతలన్నీ అక్కడే.

ఒక ఇనప పుల్ల. ఓ కొసన సూదిమొన, రెండో కొసన చిన్న కత్తి. ఆయుధం కాదది, గంటం. కత్తితో తాటాకు అంచులు సరిచేసి, మొనతో అక్షరాలు గీసేవారు. సిరా అక్కర్లేదు. అందుకే కొన్ని తాటాకు కట్టలు విప్పితే ఒక్క అక్షరమూ కనబడదు. మసి పట్టించకుండా వదిలేసినవో, పట్టించింది రాలిపోయినవో అవి. చీకటి గదిలో టార్చిలైటు ఆకు పక్కనుంచి వాలుగా వేసి చూడండి, గాట్లలో నీడ పడి అక్షరాలు లేచొస్తాయి. చదువుకోవడానికి నూనెలో కలిపిన దీపపు మసిని గుడ్డతో రుద్ది, పైది తుడిచేస్తారు. నలుపు గాట్లలో నిలిచిపోతుంది. ఎండి పెళుసెక్కిన ఆకుకైతే ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పల్చగా పట్టిస్తారు. ఆకు కాస్త మెత్తబడుతుంది, పురుగూ దరికి రాదు. సిరాతో రాసిన ఆకుకు మాత్రం నూనె తగలనివ్వకూడదు, అక్షరం అలుక్కుపోతుంది.

శాతవాహనుల సీసపు నాణేలు మరీ సున్నితం. రెండు తెరచాప కొయ్యల ఓడ ఉన్న నాణెం చేతిలో పెట్టుకుంటే మన తీరపు వర్తకమంతా కళ్ళముందు కదులుతుంది. అలాంటి నాణెం మీద ఒక్కోసారి తెల్లటి పొడి కమ్ముకుంటుంది. చూసినవాళ్ళు బూజనుకుంటారు. చెక్క బీరువాలోంచి, అట్టపెట్టెలోంచి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి మెల్లగా వస్తూంటుంది. అది సీసాన్ని తినేస్తుంటే పైకి తేలిన సీసపు కార్బొనేటే ఆ పొడి. వదిలేస్తే కొన్నేళ్ళకు ఓడ బొమ్మే మిగలదు. నాణేన్ని పాలిథిన్ సంచిలో వేసి ఇనప బీరువాలోకి మార్చాలి. ఆ పొడి విషం, ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కోవాలి.

పొలం దున్నుతుంటే మీకూ పచ్చగా చిలుము పట్టిన రాగి నాణెం దొరకొచ్చు. దయచేసి చింతపండు పెట్టి తోమకండి. చాలాసార్లు అచ్చు మిగిలి ఉండేది ఆ చిలుము పొరలోనే. పులుపుకు పొర కరిగితే చేతిలో నున్నటి రాగి బిళ్ళ మిగులుతుంది. మట్టితోనే కాగితంలో చుట్టి, ఏ పొలంలో, ఎంత లోతున దొరికిందో ఓ చీటీ మీద రాసి పెట్టండి. భూమిలో దాగి దొరికిన సొత్తు పది రూపాయల విలువ దాటితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఆ చీటీ కూడా జతచేయండి.