బాంబు ఖరీదు ఎంత? 1964లో మన పార్లమెంటు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక ఆరు వారాల కథ చెబుతాను. అందులో ఒక ఘట్టం ఈ గుంటూరులోనే జరిగింది.

1964 అక్టోబర్ 16న చైనా లోప్‌నార్ ఎడారిలో తన మొదటి అణుబాంబు పేల్చింది. దాదాపు 22 కిలోటన్నులు, హిరోషిమా మీద వేసినదానికంటే పెద్దది. అప్పటికి మనం ఎలా ఉన్నామో ఒక్కసారి ఆలోచించండి. అదే చైనా చేతిలో ఓడిపోయి రెండేళ్లయింది, నెహ్రూ పోయి ఐదు నెలలు కూడా కాలేదు, ప్రధాని కుర్చీలో శాస్త్రి గారు కొత్త, పైగా తిండిగింజల కొరత, మండిపోతున్న ధరలు. జనంలో టెన్షన్ ఉండదా మరి?

ఎనిమిది రోజులకు, అక్టోబర్ 24న, మన అణుశక్తి సంఘం అధ్యక్షుడు హోమీ భాభా ఆకాశవాణిలో మాట్లాడారు. నిరాయుధీకరణ కావాలనే అన్నారు, కానీ జనం చెవిన పడింది అంకెలే. పది కిలోటన్నుల బాంబుకు 17.5 లక్షల రూపాయలు, యాభై బాంబులకు పది కోట్ల లోపేనట! ఇంత చవకైతే ఇంకా ఎందుకు ఆగడం అని ఎవరికైనా అనిపిస్తుంది. నా బాధంతా ఇక్కడే. అవి శాంతియుత పేలుళ్ల కోసం, అంటే సొరంగాలు తవ్వడం లాంటి పనుల కోసం, అమెరికా వాళ్లు వేసుకున్న అంచనాల నుంచి తీసుకున్న ధరలు. రియాక్టరు, బాంబు సరుకైన ప్లుటోనియం తీసే ప్లాంటు, బాంబును మోసుకెళ్లే విమానం, ఇవేవీ ఆ లెక్కలో లేవు. పొయ్యి, గిన్నెలు, వంటమనిషి అన్నీ వదిలేసి బియ్యం ధర ఒక్కటే చెప్పి భోజనం ఖర్చు ఇంతే అన్నట్టు. శాస్త్రి గారు చెప్పిన లెక్క ఒక్క బాంబుకే నలభై, యాభై కోట్లు. రెండు లెక్కలకూ ఎంత దూరమో చూడండి.

నవంబరు మొదట్లో అధికార కాంగ్రెస్ పార్టీ జాతీయ కమిటీ, ఏఐసీసీ, ఇక్కడ గుంటూరులో సమావేశమైంది. కామరాజ్ పార్టీ అధ్యక్షుడు, ఈ జిల్లావాడే అయిన కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి. బాంబు చేయాలన్నవాళ్లు కాంగ్రెస్‌లోనూ ఉన్నారు. శాస్త్రి వద్దన్నారు, మాజీ రక్షణ మంత్రి కృష్ణమీనన్ వద్దన్నారు, పార్టీ చివరికి ఆ మాటకే కట్టుబడింది.

తర్వాత వ్యవహారం లోక్‌సభకు వచ్చింది. అణ్వాయుధాలు తయారుచేయాలని ప్రతిపక్షమైన జనసంఘ్ పెట్టిన తీర్మానం నవంబర్ 27న మూజువాణి ఓటుతో వీగిపోయింది. పక్క దేశం బాంబు పేల్చిన ఆరు వారాలకే, అంత భయంలోనూ, ఒక పేద దేశపు చట్టసభ దీన్ని బహిరంగంగా వాదించుకుంది. నాకు ఇది చాలా గొప్ప విషయం అనిపిస్తుంది, చైనాలో బాంబు చేయాలా వద్దా అని ఇలా ఎవరూ అడగలేదు కదా.

అయితే ఆ రోజుల్లో శాస్త్రి గారు సభలో అన్న మరో రెండు మాటలు జాగ్రత్తగా వినాలి. ఈ విధానం ఎప్పటికీ మారదని చెప్పలేనన్నారు. సొరంగాలు తవ్వడానికి, కొండలు చదును చేయడానికి పనికొచ్చే అణు సాధనాల మీద మాత్రం పని చేసుకోవచ్చన్నారు. కొండను పేల్చే సాధనానికీ బాంబుకూ లోపలి సరుకులో తేడా లేదు. తీర్మానం ఓడింది, దారి మాత్రం తెరిచే ఉంది. భాభాకు కావలసిందీ అదే.

సభ్యులు ఈ మెలిక పట్టుకోవాలంటే వాళ్ల చేతిలో సొంత లెక్క ఉండాలి. 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ ప్రకారం అణు సమాచారం బయటికి రాకుండా ఆపే అధికారం అప్పుడు ప్రభుత్వానిదే. భాభా చెప్పిన అంకె, ప్రధాని చెప్పిన అంకె, ఈ రెండిట్లో ఏది నిజమో తేల్చే మూడో మనిషి లేడు.

1966 జనవరిలో రెండు వారాల తేడాతో శాస్త్రి, భాభా ఇద్దరూ పోయారు. పని ఆగలేదు. 1974 మే 18న పోఖ్రాన్‌లో మనం చేసిన పేలుడుకు పెట్టిన పేరు కూడా శాంతియుత అణు పేలుడే. ఈసారి ముందుగా చర్చ లేదు, ఓటు లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు గుప్పెడు మంది, దేశమంతటితో పాటు ఎంపీలకూ పేలిన తర్వాతే తెలిసింది.