పెంట తోలిన చెలక, యూరియా చల్లిన చెలక

శ్రోతలందరికీ నమస్కారం.

మా చెలక దేవరకొండ దగ్గర. ఎర్రనేల. మొన్న వేసవిలో రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో పత్తిచేనులో దొరికిన ఎండు మట్టిగడ్డ, రెండోదాంట్లో గట్టు మీది కానుగ చెట్టు కింది గడ్డ వేశాను. చేనులోది బుసబుసమని బుడగలు వదిలి, చూస్తుండగానే పిండిలా విడిపోయింది. కానుగ కిందిది నేను చాయ్ తాగి వచ్చేదాకా అట్లాగే ఉంది. రెండూ ఒకే మట్టి, మధ్య దూరం ఇరవై అడుగులు. చెట్టు కింద నాగలి తగలదు, ఆకు రాలి అక్కడే కుళ్లుతుంది. ఆ కుళ్లిన దాంట్లోని సేంద్రియ పదార్థమే మట్టి రేణువుల్ని పట్టి ఉంచే జిగురు. భూసార పరీక్ష కార్డులో ‘సేంద్రియ కర్బనం’ అని ఉండే గడి దీని లెక్కే. అర శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మన పాలమూరు, నల్లగొండ చెలకలు చాలావరకు ఆ అర శాతమే దాటవు. మాది 0.31.

కార్డు చూసి మా అన్న, "ఇదంతా యూరియా చేసిన పనే" అన్నాడు. అంత సులువుగా తేలే తగువు కాదిది.

యూరియాలోనూ కర్బనం ఉంది. 45 కిలోల బస్తాలో 9 కిలోలు. కానీ తడి తగిలాక అది బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది, నేలకు మిగిలేది నత్రజనే. ఆ నత్రజనికి భాస్వరం, పొటాష్ తోడైతే పైరు ఏపుగా పెరుగుతుంది, వేర్లూ రాలే ఆకూ పెరుగుతాయి. నేలకు దక్కే కర్బనం అదే. అంటే మోతాదులో వేసిన రసాయన ఎరువు కర్బనాన్ని కొంత నిలబెడుతుంది. ఒట్టి యూరియా గుమ్మరించి, పంట కాగానే కట్టె కాల్చేస్తేనే చిక్కు.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి ఒకే చేనులో గోధుమ వేసి చూస్తున్నారు. ఏటా పశువుల ఎరువు పడ్డ మడిలో కర్బనం రెట్టింపు దాటింది. రసాయన ఎరువుల మడిలో మాత్రం ఏమీ వేయని మడికన్నా కాస్తే ఎక్కువ. అయితే అది చలిదేశం. మన ఎండకు సూక్ష్మజీవులు పెంటను గబగబా తినేస్తాయి.

ఎకరంలో పైన ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. కర్బనం 0.3 నుంచి 0.4కు పెరగాలంటే 900 కిలోలు అందులో నిలవాలి. ఎకరానికి నాలుగు టన్నుల పెంట తోలితే, అందులో సగం నీళ్లే. కర్బనం అర టన్ను ఉంటే గొప్ప. అందులోనూ ఎక్కువ భాగం ఏడాదిలోపే గాలికి పోతుంది. ఒక్కసారి తోలి, మరుసటి ఏడే కార్డు పట్టుకుని టెన్షన్ పడితే లాభం లేదు. ఏటా పడాలి, దాంతోపాటు మోతాదు ఎరువూ పడాలి. మనదేశంలో 1970లో మొదలైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల్లోనూ చాలా కేంద్రాల్లో ఈ జోడీయే మెరుగని తేలింది.

పెంట ఏది అంటారా? నిజమే, ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఉన్న కాస్త పెంటా నీడలేని కుప్పలో ఎండుతుంది. నీడన గుంత తీసి, తడి ఆరకుండా మాగబెట్టాలి. పచ్చిది తోలితే చెదలు పడతాయి. మేం ఒకసారి ఆ తప్పు చేసి పల్లి సగం పోగొట్టుకున్నాం. నీళ్లున్నవాళ్లకు పచ్చిరొట్టగా పెంచి నేలలో దున్నేసే జీలుగ, జనుము ఉన్నాయి. పత్తికట్టె ఎండు బరువులో నలభై శాతానికి పైగా కర్బనమే. గులాబీ పురుగు భయంతో కాల్చేవాళ్లు దాన్ని ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి దున్నితే పురుగూ తగ్గుతుంది, కట్టే మట్టిలో కలుస్తుంది.

ఎరువు నేరుగా నేలలోనే పడేలా ఈ వేసవికి రాత్రిళ్లు మా చెలకలో గొర్రెల మంద పెట్టించాలని అన్నే వెళ్లి గొల్లాయనతో మాట్లాడి వచ్చాడు. రాత్రికి ఇంత అని బేరం కుదిరింది గానీ, వరుసలో మాకంటే ముందు ముగ్గురున్నారట.