నీళ్లు వేడిని మోస్తాయి: బల్లార్షా ఎండల్లో రెండు ప్రాసెసర్ల కంప్యూటర్

అందరికీ నమస్తే. ఇంత ఎండలో, అదీ మధ్యాహ్నం పూట వచ్చారు, చాలా సంతోషం. మీలో సగం మంది పెళ్లి వీడియోల పని చేసేవాళ్లే కాబట్టి నా బాధ విడిగా చెప్పక్కర్లేదు. మనకు పెళ్లిళ్లు జోరుగా జరిగేది మే నెలలోనే, బల్లార్షాలో 46, 47 డిగ్రీలు కాసేదీ మే నెలలోనే. రాజురా పార్టీ ఒకరు, సిరొంచ పార్టీ ఒకరు, ఇద్దరికీ వీడియో వారంలో కావాలి. మనం రెండరింగ్ పెట్టి, అంటే ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా మార్చే పని పెట్టి, అన్నానికి వెళ్లొచ్చేసరికి ఫ్యాన్లు గోల పెడుతుంటాయి, పని మాత్రం ముందుకు కదలదు. ఎందుకంటే ప్రాసెసర్ తన హద్దు దాకా వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. రెండు గంటల పని నాలుగు గంటలు పడుతుంది.

నాది రెండు ప్రాసెసర్ల మిషన్. నాగపూర్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బోర్డు, దాని మీద రెండు ఇంటెల్ జియాన్ ఈ5-2670లు. 2012లో వచ్చిన చిప్పులు, ఒక్కోదానికి 8 కోర్లు, ఒక్కోటీ 115 వాట్లు. సర్వర్లలోంచి తీసేసిన సరుకు కాబట్టి చవగ్గా దొరుకుతాయి, వీడియో పనికి ఇప్పటికీ బాగానే పనికొస్తాయి. రెండూ కలిపి 230 వాట్లు, అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు తొమ్మిది ఒక రేకు డబ్బాలో పెట్టి మూత వేసినట్టు. ఆ వేడిని బయటికి తేవాలి, అదే మన అసలు పని. దానికి నేను నీళ్లు వాడతాను: ఒక్కో చిప్పు మీద ఒక రాగి బ్లాకు, నీళ్లుండే చిన్న ట్యాంకు, పంపు, ఫ్యాన్ ఉన్న రేడియేటర్, వీటన్నిటినీ కలిపే గొట్టం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇది తెలియకే డబ్బు తగలేస్తున్నారు. నీళ్లు దేన్నీ చల్లగా చేయవు. వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తాయి, అంతే. మోయడంలో మాత్రం వాటికి సాటి లేదు, ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి తీసుకునే వేడి, అంతే పరిమాణం గాలి తీసుకునే దానికి మూడు వేల రెట్లకు పైనే. కానీ చివరికి ఆ వేడిని రేడియేటర్ దగ్గర గాలికే అప్పజెప్పాలి. గాలే 42 డిగ్రీలుంటే నీళ్లు 42 కంటే కిందికి రావు, ఎంత ఖరీదైన కిట్ పెట్టినా రావు. నా మిషన్ లెక్క చెప్తాను. జనవరిలో గది 22 ఉంటే నీళ్లు 31 దగ్గర నిలుస్తాయి. మేలో గది 41 ఉంటే 50 దగ్గర నిలుస్తాయి. తేడా రెండుసార్లూ తొమ్మిదే. రేడియేటర్ పెద్దది వేస్తే ఆ తొమ్మిది ఆరో ఏడో అవుతుంది, సున్నా మాత్రం కాదు.

మరి చంద్రపూర్ దగ్గరి ఊర్జానగర్ కరెంటు ప్లాంటులో నీళ్లు చల్లబడతాయి కదా, దాని సంగతేంటి అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు, మంచి ప్రశ్న. 2,920 మెగావాట్ల ప్లాంటు, ఈరయ్ డ్యామ్ నీళ్లతో నడుస్తుంది, ఆ పెద్ద పెద్ద కూలింగ్ టవర్లు మనం రోజూ చూసేవే. అక్కడ నీళ్లు కొంత ఆవిరైపోతాయి, ఆవిరయ్యేటప్పుడు మిగతా నీళ్లలోంచి వేడి లాక్కుని పోతాయి, అందుకే పొడి ఎండల్లో బయటి గాలి కంటే చల్లగా కూడా కాగలవు. మనింటి గడ్డి ప్యాడ్ల కూలర్‌దీ అదే పద్ధతి. కంప్యూటర్‌లోది మూసిన గొట్టం, చుక్క కూడా ఆవిరి కావద్దు, కాబట్టి ఆ లాభం దీనికి లేదు. కానీ రెండింటినీ కలపొచ్చు. మేలో నేను చేసేది అదే, గదికి కూలర్ పెడతాను, గాలి ముప్పై చిల్లరకు దిగుతుంది, దాంతో నీళ్లూ దిగుతాయి. కూలర్‌ను నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పకండి, సన్నటి తుంపర్లు వస్తాయి, మన బోర్ నీళ్ల ఉప్పంతా వాటితో పాటు రేడియేటర్ రేకుల మీద తెల్లగా పేరుకుంటుంది. వానాకాలంలో ఈ పద్ధతి పనిచేయదు, అప్పుడు అంత అవసరమూ ఉండదు.

ఐస్ గురించి కూడా చెప్పాలి. మా పక్క వీధి కుర్రాడొకడు జూలైలో ట్యాంకులో ఐస్ ముక్కలు వేశాడు. ఉష్ణోగ్రత బ్రహ్మాండంగా పడిపోయిందని వీడియో తీసి పంపాడు, అరగంటకు మళ్లీ ఫోన్ చేశాడు, గొంతులో టెన్షన్. వెళ్లి చూస్తే చల్లటి నీళ్లు పోసిన స్టీలు చెంబుకు పట్టినట్టు రాగి బ్లాకు చుట్టూ చెమట, అది ప్రాసెసర్ కూర్చునే సాకెట్ అంచు దాకా జారింది. అదృష్టం బాగుండి ఆరబెట్టాక మిషన్ లేచింది. గాలి కంటే వెచ్చగా ఉన్నంతవరకు నీళ్ల వల్ల చెమట పట్టదు, గాలి కంటే చల్లబరిచారంటే మాత్రం భయపడాల్సిందే.

ఇప్పుడు రెండు ప్రాసెసర్ల వాళ్లందరూ అడిగే ప్రశ్న. నీళ్లు ముందు ఒక చిప్పు మీదుగా వెళ్లి తర్వాత రెండో దానికి వెళ్తాయి కదా, రెండోదానికి వేడి నీళ్లే దక్కవా, అందుకని గొట్టం రెండుగా చీల్చాలా అని. లెక్క వేయండి. నిమిషానికి 4 లీటర్లు తిరుగుతుంటే 115 వాట్లకు నీళ్లు పెరిగేది సుమారు 0.4 డిగ్రీ. అర డిగ్రీ కూడా కాదు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా కలపండి, దేని గురించీ ఆలోచించక్కర్లేదు. చీలిస్తే ఒక పాయలో చెత్త ఇరుక్కున్నప్పుడు నీళ్లన్నీ రెండో పాయలోంచి పోతాయి, ఇరుక్కున్న పాయలోని చిప్పుకు నీళ్లు అందకపోయినా పంపు హాయిగా తిరుగుతూనే ఉంటుంది.

కొనేముందు సాకెట్ కొలవండి. ఈ జియాన్లు కూర్చునే సాకెట్ పేరు ఎల్‌జీఏ 2011, దాని బిగింపు రెండు రకాలు, చదరంగా 80 బై 80 మిల్లీమీటర్లు ఒకటి, సన్నగా 56 బై 94 ఒకటి. సర్వర్ బోర్డులు చాలావాటికి సన్నదే ఉంటుంది, దుకాణంలో చేతికొచ్చే బ్లాకులు ఎక్కువగా చదరానివే. ఇంకో సంగతి, గాలి కూలర్ తీసేస్తే దాని ఫ్యాన్ గాలి తగిలే పవర్ సర్క్యూట్‌కూ ర్యామ్‌కూ గాలి ఆగిపోతుంది. ప్రాసెసర్ 60 డిగ్రీల్లో చల్లగా కూర్చుంటే దాని పక్కనున్న మాస్ఫెట్లు, అంటే ఆ పవర్ సర్క్యూట్‌లోని చిన్న భాగాలు, మాడిపోతుంటాయి. అక్కడికి విడిగా ఒక చిన్న ఫ్యాన్ తప్పనిసరి.

నా పెద్ద తప్పు లోహాల దగ్గర జరిగింది. 1999లో అబిట్ బీపీ6 అనే బోర్డు మీద రెండు సెలెరాన్ ప్రాసెసర్లు పెట్టుకున్న రోజుల్లో ఔత్సాహికులు కారు హీటర్ కోర్ (కారు లోపలి హీటర్‌లో ఉండే చిన్న రేడియేటర్), అక్వేరియం పంపు వాడేవాళ్లని చదివి, నేనూ ఒక పాత కారు హీటర్ కోర్ తెచ్చాను. వాళ్లు వాడినవి ఎక్కువగా రాగి, ఇత్తడివి. నాది అల్యూమినియం, నేను చూసుకోలేదు. రాగి బ్లాకు, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీళ్లలో ఉంటే అది బ్యాటరీ అయినట్టే, అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. ఎనిమిది నెలలకు బ్లాకు విప్పితే లోపలి సన్నటి గీతల్లో బూడిదరంగు ముద్ద, తడి సుద్ద తొక్కి పెట్టినట్టు. టూత్‌బ్రష్‌తో రాత్రంతా తోమాను. రాగి ఉంటే రాగే ఉంచండి. నీళ్లు డిస్టిల్డ్‌వే పోయండి, మన బోర్ నీళ్లు వద్దే వద్దు, పాచి పట్టకుండా దానికోసం అమ్మే మందు కలపండి. బొగ్గు ధూళి మన ఊరికి కొత్త కాదు, రేడియేటర్‌ను నెలకోసారి బ్లోయర్‌తో ఊదండి.

ఇక లీకు భయం. అది ఉత్త భయం కాదు. 2004లో యాపిల్ రెండు 2.5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ల పవర్ మ్యాక్ జీ5ను ఫ్యాక్టరీలోనే ద్రవంతో చల్లబడేలా చేసి అమ్మింది, ఏళ్లు గడిచాక వాటిలో కొన్ని కారి బోర్డులు పాడయ్యాయి. అందుకే నేను బోర్డుకు కరెంటు ఇవ్వకుండా ముందు పంపు ఒక్కటే 24 గంటలు తిప్పుతాను. పవర్ సప్లై పెద్ద కనెక్టర్‌లో గ్రీన్ వైరును ఏదైనా నల్ల వైరుతో చిన్న తీగ ముక్కతో కలిపితే బోర్డు లేకుండానే పంపు తిరుగుతుంది. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పెట్టాలి.

ఈ బల్ల మీదున్నది నిన్న మధ్యాహ్నం నుంచి తిరుగుతోంది. దగ్గరికి రండి, ముందు పిల్లల్ని రానివ్వండి. తొమ్మిది జాయింట్లు, తొమ్మిది కాగితాలు, ఒక్కోటీ చేత్తో తీసి చూడండి, పొడిగా ఉన్నాయో లేదో మీరే చెప్పండి. అన్నీ పొడిగా ఉంటే ఆ తీగ ముక్క తీసేసి బోర్డుకు కనెక్టర్ పెడదాం.